ఇరుకైన బానెట్ కింద ఆయిల్ క్యాచ్ క్యాన్ ఎలా బిగించాలి?

డీజిల్ ఎస్‌యూవీకి క్యాచ్ క్యాన్ (ఇంజిన్ నుంచి వచ్చే గ్యాస్‌లోని ఆయిల్‌ని వడకట్టే డబ్బా) పెట్టుకోవాలనుకునేవాళ్లు చాలామంది ముందు క్యాన్ కొనేస్తారు, ఆ తర్వాత బానెట్ ఎత్తి ఎక్కడ పెట్టాలా అని వెతుకుతారు. నేనూ అదే చేశాను. పెద్ద క్యాన్ తెప్పించుకున్నాక చూస్తే బ్యాటరీకీ ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) యూనిట్‌కీ మధ్య చెయ్యి దూరే సందు కూడా లేదు. అందుకే మొదటే చెప్తున్నాను, ముందు చోటు చూసుకోండి, తర్వాత పైపు దారి చూసుకోండి, ఆ రెండూ తేలాకే క్యాన్ కొనండి.

అసలు ఇది దేనికంటే, పిస్టన్ రింగులు ఎంత బాగున్నా సిలిండర్లో మండిన గ్యాస్ కొంత కిందికి, క్రాంక్‌కేస్‌లోకి (ఇంజిన్ అడుగు భాగంలోకి) జారుతుంది. దీన్నే బ్లో-బై అంటారు. అది లోపలే ఉండిపోతే ప్రెషర్ పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది కాబట్టి, కంపెనీవాళ్లు క్యామ్ కవర్ (ఇంజిన్ పైమూత) నుంచి ఒక పైపు తీసి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) ముందున్న గాలి గొట్టంలో కలుపుతారు. గ్యాస్‌తో పాటు సన్నటి ఆయిల్ తుంపర కూడా అటే పోతుంది, టర్బో, ఇంటర్‌కూలర్ దాటి ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) చేరాక ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి వచ్చే మసితో కలిసి తారులా పేరుకుంటుంది. డీజిల్ నేరుగా సిలిండర్లోకే పడుతుంది కాబట్టి వాల్వుల మీద పట్టిన మడ్డిని కడిగేది ఏదీ ఉండదు. క్యాచ్ క్యాన్ ఆ పైపు మధ్యలో కూర్చుని ఆయిల్‌ని వడకట్టి గాలిని ముందుకు పంపుతుంది. అంతవరకే. మసిని ఇది ఆపదు, ఇప్పటికే పేరుకున్నదాన్ని తీసెయ్యదు.

బండి ఇంకా వారంటీలో ఉంటే ముందు సర్వీస్ సెంటర్లో అడిగి, వాళ్ల జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. క్రాంక్‌కేస్ పైపుకి సెన్సర్ గానీ హీటర్ వైరు గానీ తగిలించి ఉంటే, దాని పని ఏంటో తెలిసేదాకా ఆ పైపు ముట్టుకోకండి. ఇంకోమాట, పైన చిన్న ఫిల్టర్ పెట్టి గ్యాస్‌ని బయటికి వదిలే రకం క్యాన్లు చవగ్గా దొరుకుతాయి గానీ వద్దు. కాలుష్య నిబంధనలకు విరుద్ధం, పైగా ఏసీ వేసుకుంటే ఆ వాసన క్యాబిన్‌లోకి వస్తుంది. లోపలికి ఒక దారి, తిరిగి ఇన్‌టేక్‌కి ఒక దారి ఉన్న రకమే తీసుకోండి.

చోటు వెతకడం

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పైనున్న ప్లాస్టిక్ కవర్ తీసి, టార్చి వేసి నిదానంగా చూడండి. ఖాళీ చోటుతో పాటు, కంపెనీ వేసి వాడకుండా వదిలేసిన బోల్టు రంధ్రాలు కూడా వెతకండి, అవి దొరికితే బాడీకి డ్రిల్ పెట్టే పని తప్పుతుంది. ఎక్కువగా ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) పక్కన, స్ట్రట్ టవర్ (సస్పెన్షన్ పైభాగం బిగించే చోటు) దగ్గర, బ్యాటరీ ట్రే అంచున ఇలాంటి చోట్లు ఉంటాయి. టర్బోకీ ఎగ్జాస్ట్‌కీ కనీసం జానెడు దూరం ఉండాలి. బ్రేక్ పైపుల మీద ఆనకూడదు. ఏబీఎస్ యూనిట్ బోల్టుకి మాత్రం ఎవరు చెప్పినా బ్రాకెట్ వేలాడదీయకండి.

చోటు తేలాక ఒక డమ్మీ చేసుకోండి. మీరు కొనాలనుకుంటున్న క్యాన్ కొలతలకు దగ్గరగా ఉండే పీవీసీ పైపు ముక్క చాలు, 75 మి.మీ. గానీ 90 మి.మీ. గానీ, ప్లంబింగ్ షాపులో తెగిన ముక్క అడిగితే ఇస్తారు. దానికి పైపులు వచ్చే చోట్ల అట్టముక్కలు అతికించి, అనుకున్న చోట కదలకుండా కట్టి చూడండి. కిందవైపు డ్రెయిన్ పైపుకి చోటుందా? పైమూత విప్పి లోపలి ఫిల్టర్ పైకి లాగడానికి ఎత్తుందా? ఈ రెండో ప్రశ్న చాలామంది మర్చిపోతారు, తర్వాత ఫిల్టర్ మార్చాలంటే క్యాన్ మొత్తం ఊడదీయాల్సి వస్తుంది.

బానెట్ తగులుతుందో లేదో చూడ్డానికి చపాతీ పిండి ముద్ద వాడండి. నిమ్మకాయంత ముద్దని ప్లాస్టిక్ కవర్లో చుట్టి డమ్మీ మీద పెట్టి, బానెట్ నెమ్మదిగా మూసి మళ్లీ తెరవండి. నలిగిన ముద్ద ఎంత మందాన మిగిలిందో మీకున్న గ్యాప్ అంతే. 15 మి.మీ. కన్నా తక్కువ ఉంటే నేనైతే ఆ చోటు వదిలేస్తాను, గతుకుల రోడ్డు మీద బానెట్ అదురుతుంది కదా.

పైపు విషయంలో రాజీ వద్దు

నా బండికి మొదటిసారి ఒక గ్యారేజీలో బిగించారు. మలుపు దగ్గర పలచటి పైపు వేశారు. చల్లగా ఉన్నప్పుడు బానే ఉంది, ఇంజిన్ వేడెక్కితే మెత్తబడి నొక్కుకుపోయేది. రెండు వారాల్లో క్యామ్ కవర్ గ్యాస్కెట్ అంచున ఆయిల్ చెమ్మ మొదలైంది. ఇంజిన్‌ని కాపాడదామని పెట్టిన వస్తువే ఇంజిన్‌కి ఊపిరాడకుండా చేసిందన్నమాట. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

కాబట్టి కంపెనీ పైపు లోపలి వ్యాసం వెర్నియర్‌తో (మిల్లీమీటర్లలో కచ్చితంగా కొలిచే స్కేలు) కొలవండి. 19 మి.మీ. ఉంటే మీరు వేసేదీ 19 ఉండాలి, చోటు లేదని సన్నది వేయొద్దు. రేడియేటర్‌కి వాడే రబ్బరు పైపు ఆయిల్ తగిలితే ఉబ్బిపోతుంది, ఆయిల్‌కి తట్టుకునే నైట్రైల్ రబ్బర్ పైపు అని అడిగి తీసుకోండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ పాత పైపు పట్టుకెళ్లి చూపిస్తే పని తేలిక. మలుపు తిరగాల్సిన చోట పైపుని బలవంతంగా వంచకుండా, ముందే వంపుతో తయారైన ఎల్బో వేయండి. క్యామ్ కవర్ నుంచి క్యాన్ దాకా పైపు కిందికి వాలుగా ఉండాలి, మధ్యలో ఉయ్యాలలా వేలాడితే అక్కడే ఆయిల్, నీళ్లు నిలుస్తాయి. క్యాన్ బాడీకి బిగిస్తారు, ఇంజిన్ మాత్రం తన మౌంట్ల మీద ఊగుతుంది, కాబట్టి రెండు మూడు సెంటీమీటర్ల వదులు ఉంచి కోయండి.

బిగించే రోజు

బ్రాకెట్ 3 మి.మీ. ఇనుప పట్టీతో వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు, పెయింట్ వేయడం మర్చిపోవద్దు. బోల్టుల కింద స్ప్రింగ్ వాషర్ వేయండి. పైపు ఊడదీయకముందే ఇంకో పని ఉంది: ఇంజిన్ ఆన్ చేసి, ఆయిల్ పోసే మూత విప్పి దాని చోటులోనే ఊరికే పెట్టి, ఎంత కదులుతుందో చూసి గుర్తుంచుకోండి.

ఇంజిన్ ఆపి చల్లారనిచ్చాక, బ్యాటరీ పక్కన పని చేస్తుంటే ముందు నెగెటివ్ టెర్మినల్ తీసేసి, ఆ తర్వాత పైపు విప్పండి. విప్పిన వెంటనే టర్బో వైపు తెరుచుకున్న రంధ్రానికి శుభ్రమైన గుడ్డ గట్టిగా కుక్కండి. ఒక్క వాషర్ అందులో పడి, చూడకుండా ఇంజిన్ స్టార్ట్ చేస్తే టర్బో రెక్కలు పోతాయి. చివర్లో ఆ గుడ్డ తీశారో లేదో రెండుసార్లు చూసుకోండి.

క్యామ్ కవర్ నుంచి వచ్చే పైపు క్యాన్ మీద లోపలికి అని గుర్తున్న వైపుకి, రెండోది టర్బో గొట్టానికి. తారుమారైతే క్యాన్ సరిగా వడకట్టదు. క్లిప్పులు పైపు కదలనంత బిగిస్తే చాలు, రబ్బరు తెగేలా పానా తిప్పొద్దు. తీసిన కంపెనీ పైపు పారేయకుండా దాచుకోండి.

తర్వాత, తీసిన టెర్మినల్ ఉంటే తిరిగి బిగించి, ఇంజిన్ ఆన్ చేసి పది నిమిషాలు వదలండి. బుస్‌మని గాలి శబ్దం వస్తోందా, పైపు ఎక్కడైనా నొక్కుకుంటోందా చూడండి. అదే మూత పరీక్ష మళ్లీ చేయండి, మూత ముందుకన్నా గట్టిగా ఎగురుతుంటే ఎక్కడో దారి మూసుకుందని అర్థం, అది సరిచేసేదాకా బండి బయటికి తీయొద్దు.

ఖాళీ చేయడం

మొదటిసారి 500 కిలోమీటర్లకే డ్రెయిన్ తెరిచి చూడండి, ఆ తర్వాత వచ్చేదాన్ని బట్టి ఎన్నాళ్లకోసారి అన్నది మీకే తెలుస్తుంది. వానాకాలంలో పాలు కలిపిన టీ రంగులో చిక్కగా వస్తే వెంటనే కంగారుపడక్కర్లేదు, గాలిలో తేమ, మండిన గ్యాస్‌లోని ఆవిరి ఆయిల్‌తో కలిస్తే అలాగే ఉంటుంది. అయితే కూలెంట్ మట్టం కూడా తగ్గుతుంటే మాత్రం మెకానిక్‌కి చూపించండి. క్యాన్ మరీ త్వరగా నిండిపోతుంటే డిప్‌స్టిక్ చూడండి, ఆయిల్ ఎక్కువ పోసి ఉండొచ్చు, అదీ కాకపోతే కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చెక్ చేయించాలి. లడఖ్ లాంటి చోటికి బయల్దేరేముందు తప్పకుండా ఖాళీ చేయండి, సున్నా కన్నా తక్కువ చలిలో ఆ నీళ్లు గడ్డకడితే దారి మూసుకుపోతుంది. లోపలి ఫిల్టర్ తయారీదారు చెప్పిన గడువుకే మార్చండి, బాగానే ఉందిలే అని ఉంచేయొద్దు. వచ్చిన ఆయిల్ మళ్లీ ఇంజిన్‌లో పోయకండి, మురుగు కాలువలో అసలే వద్దు, ఒక డబ్బాలో పట్టి ఉంచి సర్వీసింగ్‌కి వెళ్లినప్పుడు గ్యారేజీలో పాత ఆయిల్ డ్రమ్ములో పోసేయండి.