రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో స్వారీ జంతువును గట్టిగా తయారుచేయడం ఎలా?

టేబుల్‌టాప్ గేమ్‌లో (బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడేది) స్వారీ జంతువు అనగానే ముందు వచ్చే ప్రశ్న: ‘ఎంత డ్యామేజ్ చేస్తుంది?’ నా మాట వింటే దాన్ని చివరికి ఉంచండి. అది మిమ్మల్ని మోయగలదా, పోరాటంలో రెండో రౌండ్ (అందరికీ ఒక్కో వంతు) దాకా బతుకుతుందా అన్నది ముందు తేల్చుకోండి. ఇక్కడి లెక్కలన్నీ 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే గేమ్ మొదటి ఎడిషన్‌వి. జంతువంటే డ్రూయిడ్ (ప్రకృతి మాంత్రికుడు), కవలియర్ (స్వారీ యోధుడు) లాంటి క్యారెక్టర్‌కి తోడుగా ఉండి, ఆ క్యారెక్టర్ లెవెల్‌తో పాటే బలపడేది.

మొదట సైజు. జంతువు మీకన్నా కనీసం ఒక సైజు పెద్దదై ఉండాలి. మనిషి మీడియం కాబట్టి లార్జ్ జంతువు కావాలి. గుర్రం ఒకటో లెవెల్లోనే లార్జ్. తోడేలు ఏడో లెవెల్‌కి గానీ లార్జ్ అవదు. అదే హాఫ్‌లింగ్, గ్నోమ్ లాంటి పొట్టి జాతుల స్మాల్ క్యారెక్టర్ అయితే మొదటి రోజే తోడేలెక్కొచ్చు. ఇరుకు సొరంగాల్లో గుర్రాన్ని బయట కట్టేసి వెళ్లే బాధ ఉండదు. అందుకే నా ఓటు తోడేలుకే.

రెండోది బరువు. చాలామంది వదిలేసేది ఇదే. కాగితం తీసుకుని కూడండి: 180 పౌండ్ల మనిషి, 40 పౌండ్ల చైన్‌మెయిల్ (గొలుసు కవచం), 30 పౌండ్ల యుద్ధపు జీను, 10 పౌండ్ల లాన్స్ (పొడవాటి ఈటె). మొత్తం 260. ఒకటో లెవెల్ గుర్రం బలం 16, దాని లైట్ లోడ్ (వేగం తగ్గకుండా మోయగల బరువు) 228 పౌండ్లే. అది దాటగానే వేగం 50 అడుగుల నుంచి 35కి పడిపోతుంది. ఛార్జ్‌లో (శత్రువు మీదికి దూసుకెళ్లి కొట్టడం) రెట్టింపు దూరం వెళ్తారు కాబట్టి 100 అడుగులు కాస్తా 70 అవుతుంది. నాలుగో లెవెల్‌లో బలం దానంతటదే 19కి చేరి లైట్ లోడ్ 348 అవుతుంది. అప్పటిదాకా తేలికైన కవచంతో సర్దుకోండి.

ఇక జంతువుకి కవచం. మామూలు తోలు కవచానికి చెక్ పెనాల్టీ (కవచం వల్ల పాచిక అంకెలో పడే కోత) లేదు. అంటే ఆర్మర్ ఫీట్ (కవచం వాడటం వచ్చనే ప్రత్యేక నైపుణ్యం) లేకపోయినా తొడిగేయొచ్చు, దాడిలో నష్టమేమీ ఉండదు. లార్జ్ జంతువుకి ధర నాలుగు రెట్లు, అంటే 40 బంగారు నాణేలు. బరువు రెండు రెట్లు, 30 పౌండ్లు. ఇందాకటి కూడికలో ఇదీ కలపాలి సుమా!

ట్రిక్స్ (జంతువుకి నేర్పే ఆజ్ఞలు) దగ్గర నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. అస్థిపంజరాలు ఎదురయ్యాయి, దర్జాగా ‘దాడి’ అన్నాను, గుర్రం కదల్లేదు. జీఎం (గేమ్ నడిపే వ్యక్తి) నవ్వుతూ రూల్ చూపించాడు: ‘దాడి’ ఒక్కసారి నేర్పితే మనుషుల్లాంటి వాళ్ల మీదికి, జంతువుల మీదికే వెళ్తుంది. అస్థిపంజరాల్లాంటి వాటి మీదికి వెళ్లాలంటే అదే ట్రిక్ రెండోసారి నేర్పాలి. తెలివి 2 ఉన్న జంతువు ఆరు ట్రిక్స్ నేర్చుకుంటుంది. యుద్ధ శిక్షణతో ఆ ఆరూ అయిపోతాయి. ఒకటో లెవెల్‌లో ఉచితంగా వచ్చే ఏడోదాన్ని రెండో ‘దాడి’కి వాడేయండి.

నాలుగో లెవెల్‌లో జంతువుకి ఒక ఎబిలిటీ పాయింట్ (బలం, తెలివి లాంటి ఒక అంకెను ఒకటి పెంచేది) వస్తుంది. బలానికి పెట్టాలని చెయ్యి లాగుతుంది గానీ తెలివికి పెట్టండి. తెలివి 3 అయితే జంతువుల ఫీట్ల జాబితాకే పరిమితం కానక్కర్లేదు. దాని శరీరానికి వీలైన ఏ ఫీటైనా తీసుకోవచ్చు.

మీ వైపు నుంచి, ప్రతి లెవెల్‌లో రైడ్ (స్వారీ) స్కిల్‌లో ఒక పాయింట్ వేయండి, మౌంటెడ్ కాంబాట్ ఫీట్ తీసుకోండి. రౌండ్‌కి ఒకసారి జంతువుకి తగిలే దెబ్బను రైడ్ చెక్‌తో (ఆ స్కిల్ కలిపి పాచిక వేసి) తప్పించొచ్చు. టెన్షన్ సగం తగ్గుతుంది. అయినా చచ్చిపోతే? డ్రూయిడ్ కొత్తదాని కోసం 24 గంటలు ఆగకుండా ప్రార్థన చేయాలి, కవలియర్ అయితే వారం సంతాపం పాటించాలి.

ఇప్పుడు డ్యామేజ్ సంగతి. జంతువు అయిదు అడుగులకు మించి కదిలితే ఆ రౌండ్‌లో మీకు దగ్గరి దాడి ఒక్కటే దక్కుతుంది. కాబట్టి ఆ ఒక్కటే బలంగా పడాలి. గుర్రం మీద ఛార్జ్ చేస్తే లాన్స్ డ్యామేజ్ రెట్టింపు. రైడ్-బై అటాక్ ఫీట్ తర్వాత స్పిరిటెడ్ ఛార్జ్ ఫీట్ కూడా తీసుకుంటే మూడు రెట్లు.