కేల్ ఆకు మన డెల్టాలో ఎక్కడ మొరాయిస్తుంది, ఏం చేయాలి

మాది కోనసీమ. పెరట్లో కొబ్బరి చెట్ల మధ్య ఎండ పడే జాగా చూసుకుని నాలుగేళ్లుగా కేల్ అనే క్యాబేజీ జాతి ఆకుకూర వేస్తున్నాను. తెలుగులో చాలామంది దీన్ని ‘కాలే’ అని రాస్తున్నారు. మొదటి ఏడాది నేను సంక్రాంతి వెళ్లాక తీరిగ్గా విత్తనం చల్లాను. ఏప్రిల్‌కి అది అంచులు మాడి నిజంగానే కాలే ఆకు అయి కూర్చుంది. అప్పటి నుంచి నాకు ఎదురైనవీ, తెలిసినవాళ్లు ఫోన్‌లో ఫోటోలు పెట్టి అడిగినవీ ఇక్కడ రాస్తున్నాను.

మొక్క ఎదగదు, ఆకు చిన్నగా, దళసరిగా, చేదుగా ఉంటుంది

తెగులు కోసం వెతక్కండి, ముందు క్యాలెండర్ చూడండి. కేల్‌కి 15 నుంచి 20 డిగ్రీల చలి ఇష్టం. యూరప్‌లో మంచు గడ్డకట్టే రాత్రులు వచ్చేదాకా కోతకి ఆగేవాళ్లున్నారు. ఆ చలికి ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారి తీపెక్కుతుంది. మనకి ఆ యోగం లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కాసేపు చలి తగులుతుంది, తొమ్మిదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది. అందుకే ఉన్న చలిలో ఒక్క రోజు కూడా వదులుకోకూడదు.

అక్టోబర్ మొదటి వారంలో ట్రేలో విత్తనం వేయండి. నాలుగైదు వారాల నారుని, ఊళ్లో సార్వా కోతలు నడిచే రోజుల్లో, మొక్కకీ మొక్కకీ అడుగున్నర ఎడంలో నాటితే క్రిస్మస్ నాటికి మొదటి కోత వస్తుంది. అరచెయ్యంత ఆకునే కోయాలి, కింది నుంచి పైకి. నడిమొవ్వ, దాని చుట్టూ ఐదారు ఆకులు ఎప్పుడూ ఉంచాలి. శివరాత్రి దాటాక మొక్క పచ్చగా కనిపించినా ఆశ పెట్టుకోవద్దు. షేడ్‌నెట్ కడితే ఇంకో రెండు వారాలు లాగుతుంది, అంతే. ఏడాది పొడవునా వస్తుందని చెప్పి విత్తనం అమ్ముతారు. ఆ మాట చల్లటి కొండల మీద నిజమేమో గానీ ఇక్కడ కాదు.

నారు పడిపోతోంది, లేదా రెండాకుల దగ్గరే ఆగిపోతోంది

ఇవి రెండూ వేరు. కాడ మొదట్లో దారంలా సన్నబడి, నీళ్లూరినట్టయి, పొద్దున లేచేసరికి వాలిపోతే అది నారుకుళ్లు. అక్టోబర్ ముసురులో తప్పకుండా పలకరిస్తుంది. ట్రేని చూరు కింద పెట్టి, ఉదయం ఒక్కసారే తడపండి. విత్తే ముందే మట్టిలో ట్రైకోడెర్మా (కుళ్లుని అణిచే మేలు శిలీంధ్రం పొడి) కలుపుకుంటే మేలు. అప్పటికే మొదలైతే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపాలి.

పడిపోకుండా, పచ్చగానే ఉండి, కొసలు మాడి ఎదుగు ఆగిపోతే కొబ్బరి పొట్టుని అనుమానించండి. పీచు మిల్లుల పక్కన కుప్పలుగా దొరుకుతుంది కదా అని బస్తాలో తెచ్చి అలాగే ట్రేలో నింపేస్తాం. పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది. తొట్టిలో మంచినీళ్లు పోసి నానబెట్టి పారబోయడం రెండు మూడు సార్లయినా చేయాలి. గుప్పెడు తీసి పిండితే మొదట కాఫీ డికాషన్‌లా నీళ్లు కారతాయి, ఆ రంగు బాగా పలచబడేదాకా వదలొద్దు. అంతర్వేది వైపు వాళ్లకి బోరు నీళ్లే ఉప్పగా ఉంటే, నారు దశలో అయినా కాలువ నీళ్లో పట్టుకున్న వాన నీళ్లో వాడుకోవడం మంచిది.

మధ్యాహ్నం ఆకులు వాలిపోతున్నాయి

సాయంత్రానికి లేస్తే ఎండకి అలిసిందని అర్థం, వదిలేయండి. సాయంత్రం కూడా లేవకపోతే నీళ్లు పోసే ముందు వేలు మట్టిలోకి దింపి చూడండి. చాలాసార్లు లోపల చిత్తడిగా ఉంటుంది. వేళ్లకి గాలి ఆడక మొక్క నీళ్లు తాగలేకపోతోంది. మనమేమో దాహమనుకుని ఇంకో చెంబు పోస్తాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ నేలకి నీళ్లు రావడం పెద్ద సమస్య కాదు, దిగడమే సమస్య. నల్లమట్టిలో అయితే అడుగు ఎత్తు బోదె వేసి, పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి దాని మీద నాటండి. నవంబర్‌లో వాయుగుండం అన్నారంటే ముందు రోజే బోదెల మధ్య నీళ్లు పోయే దారి తీసి ఉంచండి.

ఆకు జల్లెడ అయింది

ఆకు తిరగేయండి. లేత ఆకుపచ్చ రంగులో, రెండు కొనలూ సన్నగా, అర అంగుళం కూడా లేని పురుగు ఉందా? అగ్గిపుల్లతో ముట్టుకోండి. గిలగిల కొట్టుకుంటూ వెనక్కి జరిగి, సన్నని దారం పట్టుకుని కిందికి వేలాడితే అది డైమండ్ రెక్కల పురుగు. ముందు ఆకు పైపొరని వదిలేసి కింద నుంచి గీకుతుంది, అద్దం కిటికీలా కనిపిస్తుంది. తర్వాత తూట్లు. దీనికి నాకు బాగా పనికొచ్చింది ఆవాలే. కేల్ నాటడానికి పది పదిహేను రోజుల ముందు మడి చుట్టూ ఆవాలు చల్లితే రెక్కల పురుగు గుడ్లు అక్కడ పెడుతుంది. పురుగు పట్టిన ఆవ మొక్కల్ని పీకి నీళ్ల బకెట్లో ముంచేయడమే. అయినా ఆగకపోతే బీటీ మందు (పురుగుల్ని చంపే బ్యాక్టీరియాతో చేసింది) ప్యాకెట్ మీద రాసిన మోతాదులో, సాయంత్రమే కొట్టాలి. ఎండకి దాని పస పోతుంది.

తూట్లు పెద్దవిగా ఉండి పగలు పురుగు కనబడకపోతే లద్దె పురుగు. రాత్రి టార్చి వేసుకుని ఏరండి. నాలుగు రోజులు ఏరితే మందు అవసరమే రాదు.

పేనుబంక గుంపులుగా చేరితే నీళ్ల పైపుతో గట్టిగా కడిగేసి, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె కొట్టండి. ఒక చుక్క సబ్బునీళ్లు కలపడం మర్చిపోవద్దు. కేల్ ఆకు మీద మైనం పూత ఉంటుంది, తామరాకు మీద నీటిబొట్టులా మందంతా జారిపోతుంది. ఆ మైనపు తెల్లదనాన్ని చూసి బూడిద తెగులని టెన్షన్ పడి గంధకం కొట్టినవాళ్లు కూడా నాకు తెలుసు. వేలితో రుద్ది చూడండి. సన్నగా, ఆకంతా ఒకేలా చెరిగితే అది ఆకు సొంత పూతే.

అంచు నుంచి పసుపు మచ్చ, లోపలికి మొనదేలి

ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు, నల్ల కుళ్లు తెగులు. మంచు కురిసిన పొద్దున ఆకు అంచుల్లో నీటి చుక్కలు నిలబడతాయి కదా, అక్కడి సన్నని రంధ్రాల్లోంచే బ్యాక్టీరియా లోపలికి దూరుతుంది. అందుకే మచ్చ అంచున వెడల్పుగా, లోపలికి సన్నగా ఉంటుంది. మచ్చలోని ఈనెలు నల్లబడితే ఇక అనుమానమే లేదు. మందుతో నయం కాదు. ఆకులు తుంచి దూరంగా పారేయండి, ఎరువు గుంతలో మాత్రం వేయొద్దు. ఆకుల మీద నీళ్లు పోయడం మానండి. విత్తనంతోనే వచ్చే తెగులు కాబట్టి వచ్చే ఏడు విత్తనాన్ని 50 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచి, ఆరబెట్టి వేయండి. థర్మామీటర్ లేకుండా ఈ పని చేస్తే విత్తనం ఉడికిపోతుంది. అదే మడిలో రెండేళ్లు క్యాబేజీ, ముల్లంగి, ఆవాలు కూడా వద్దు.

గడ్డ కట్టదు, పువ్వు పూయదు

పక్కింటి పిన్నిగారు ఒకరోజు గోడ మీంచి, “ఏంటమ్మా, మీ క్యాబేజీ గడ్డ కట్టలేదేంటి?” అన్నారు. కట్టదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, కేల్ అన్నీ ఒకే జాతి మొక్క. గ్రీకులు, రోమన్లు తిన్నది ఇలాంటి విడి ఆకుల రకమే. గట్టి గడ్డ కట్టే క్యాబేజీ తర్వాతి కాలంలో వచ్చింది. మన దేశంలోనే కశ్మీరీలు రోజూ వండుకునే హాక్ అనే ఆకుకూర దీనికి దగ్గరి చుట్టం. పువ్వు రావాలంటే వారాల తరబడి 10 డిగ్రీల లోపు చలి తగలాలి. అది మనకి లేదు కాబట్టి ఇంట్లో విత్తనం కట్టుకోవడం కుదరదు, ఏటా కొనాల్సిందే.

వండితే రబ్బరులా సాగుతోంది

తోటకూరలా చూశారు, అదీ పొరపాటు. నడి ఈనె చీల్చి తీసేయాలి. ఆకుని సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు వేసి రెండు నిమిషాలు పిసికితే మెత్తబడి సగానికి సగం అవుతుంది, చేదు కూడా కొంత తగ్గుతుంది. పెసరపప్పుతో బాగుంటుంది. గోంగూర పప్పు రుచి వస్తుందని మాత్రం అనుకోవద్దు, పులుపు లేదు. ఇందులో విటమిన్ కె చాలా ఎక్కువ. రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి బిళ్లలు వాడేవాళ్లు డాక్టరుని అడిగి తినాలి.

మా ఇంట్లో నిలబడ్డది వేపుడు ఒక్కటే. ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపులో పచ్చిరొయ్యలు వేసి, నీరు ఇగిరాక పిసికిన ఆకు వేసి, దించే ముందు గుప్పెడు పచ్చికొబ్బరి కోరు చల్లుతాం.