నంద్యాల జిల్లాలో కాళ్ల కింద ఉన్న రాయేదో గుర్తుపట్టడం

సుత్తి, స్టీలు చాకు, 10 రెట్ల భూతద్దం, డ్రాపర్ సీసాలో 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్. సరంజామా ఇంతే. 3 వంతుల నీళ్లలో 1 వంతు గాఢ యాసిడ్‌ను మెల్లగా పోయాలి. నీళ్లనే యాసిడ్‌లో పోస్తే చిమ్ముతుంది. కళ్లజోడు, గ్లవ్స్ తప్పవు.

ముందు రాయి పగలగొట్టి లోపలి ముఖం చూడండి. ఎండకూ వానకూ పాతబడ్డ పైపొర రంగు నమ్మదగింది కాదు. బేతంచెర్ల నాపరాయికి చాకుతో గీత పడుతుంది, చుక్క వేయగానే బుసబుసా పొంగుతుంది. అది నార్జి సున్నపురాయి. బెలూం గుహల్ని నీళ్లు తొలిచిందీ ఇందులోనే. రాయి మీద ఊరుకుని, గీరిన పొడి మీద మాత్రం పొంగితే డోలమైట్ (మెగ్నీషియం కలిసిన, సున్నపురాయిని పోలిన రాయి) అనుకోవచ్చు.

పాణ్యం గుట్టల క్వార్ట్‌జైట్ (ఇసుక రేణువులు బిగుసుకుపోయిన గట్టి రాయి) మీద చాకే అరుగుతుంది. మిగిలే బూడిదరంగు గీతను చాలామంది గాటనుకుంటారు. అది లోహం, రుద్దితే పోతుంది.

నంద్యాల మైదానంలో షేల్‌ను (బంకమట్టి గట్టిపడి ఏర్పడ్డ రాయి) నల్లరేగడి కప్పేస్తుంది కాబట్టి వాగు గట్లు, బావి తవ్విన కుప్పలు వెతకాలి. పొరలుపొరలుగా విడిపోతుంది. పగుళ్లలో పేరుకున్న సున్నం పొంగి మోసం చేస్తుంది, అక్కడ చుక్క వేయకండి.