రోమన్ కంచు నాణెం చదవడం – 4వ పాఠం: తోడేలు నాణెం

పోయిన పాఠంలో చక్రవర్తి తల చుట్టూ ఉండే పేరూ బిరుదులూ కూడబలుక్కుని చదివాం. ఈసారి చక్రవర్తి పేరే లేని నాణెం. అయినా అది ఏ కాలానిదో, ఎక్కడ కొట్టారో చెప్పేయవచ్చు.

క్రీ.శ. 330 మే 11న రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తన కొత్త రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కు (నేటి ఇస్తాంబుల్) ప్రతిష్ఠ జరిపాడు. ఆ రోజుల్లోనే రెండు చిన్న కంచు నాణేలు వెలువడ్డాయి. ఒకటి కొత్త నగరం పేరిట, మరొకటి పాత రోము పేరిట. మనం చదవబోయేది రెండోది. వెడల్పు 17 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, బరువు సుమారు రెండున్నర గ్రాములు.

ముందుగా ఒక హెచ్చరిక. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమకండి. కిలుముతో పాటు అక్షరాలూ పోతాయి. దీపం వెలుగు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా పట్టుకుంటే చాలు, అరిగిన గీతలు కూడా తేలతాయి.

బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ ఎడమకు చూస్తూ ఉంటుంది. ఆమె రోమా, నగర దేవత. చుట్టూ ‘ఉర్బ్స్ రోమా’, అంటే రోము నగరం. మొదటి అక్షరం వి లాగా కనబడుతుంది. ఆ కాలపు రాతలో యు కూడా అలాగే ఉండేది.

బొరుసు వైపు అక్షరాలతో పనే లేదు. ఆడ తోడేలు, దాని పొదుగు కింద రోమును కట్టారని కథ చెప్పే కవల పిల్లలు రోములస్, రెమస్, పైన రెండు చుక్కలు, అంటే నక్షత్రాలు. తోడేలు తల వెనక్కి తిప్పి పిల్లలను చూస్తుంది. ఎంత అరిగినా ఆ మెడ వంపు, రెండు చుక్కలు దొరికితే చాలు, గుర్తుపట్టేయవచ్చు. జంట నాణెం బొరుసు మీద ఓడ ముక్కుపై నిలబడిన విజయదేవత ఉంటుంది. పాత నగరానికి పుట్టుక కథ, కొత్త నగరానికి గెలుపు: పంపకం తెలివిగానే చేశారు.

ఇక అసలు పని. తోడేలు కాళ్ల కింది గీతకు దిగువన ఉన్న పొట్టి అక్షరాలు టంకశాల గుర్తు. టి, ఆర్ ఉంటే నేటి జర్మనీలోని ట్రియర్. ఎస్, ఎం, ఎ, ఎన్ ఉంటే నేటి టర్కీలోని అంతియోక్. పక్కన మిగిలే అక్షరం ఆ టంకశాలలోని విభాగం. ట్రియర్‌లో పి అంటే మొదటిది, ఎస్ అంటే రెండోది. తూర్పు టంకశాలల్లో గ్రీకు అక్షరాలనే అంకెలుగా వాడారు.

చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. ‘కాన్‌స్ట్’ అని చూడగానే కాన్‌స్టాంటినోపుల్ అనేస్తారు. కాదు, అది నేటి ఫ్రాన్సులోని ఆర్ల్. అప్పట్లో ఆ ఊరికి కాన్‌స్టాంటినా అని పేరు మార్చారు. అక్కడ విభాగపు అక్షరం ముందు వస్తుంది. కాన్‌స్టాంటినోపుల్ గుర్తు ‘కాన్స్’. దానికి విభాగపు అక్షరం చివర వస్తుంది.

అభ్యాసం: బొమ్మ వైపు పూర్తిగా అరిగిపోయింది. బొరుసు మీద రెండు చుక్కలు, గీత కింద వరుసగా ఎస్, సి, ఓ, ఎన్, ఎస్, టి. ఏ ఊరు, ఎన్నో విభాగం? జవాబు 5వ పాఠం మొదట్లో ఇస్తాను.