నెట్ స్పీడు లెక్కలు, 3వ పాఠం: గిద్దలు, తవ్వలు, రెండు రాగి జతలు

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూసేద్దాం. 56 కేబీపీఎస్ (సెకనుకి 56 కిలోబిట్లు) డయలప్ మోడెమ్, అంటే ఫోన్ లైన్ మీద నడిచే పాత నెట్ పెట్టె మీద 3.5 ఎంబీ పాట దిగడానికి ఎంతసేపు? 3500 కిలోబైట్లు, బైట్‌కి ఎనిమిది బిట్లు కాబట్టి ఎనిమిదితో గుణిస్తే 28000 కిలోబిట్లు, 56తో భాగిస్తే 500 సెకన్లు. అంటే 8 నిమిషాల 20 సెకన్లు. 3500ని నేరుగా 56తో భాగించేసి ఒక్క నిమిషం అని రాసినవాళ్లు ఈ పేరా దగ్గర కాస్త ఆగండి.

మా అమ్మమ్మ ఇంట్లో బియ్యం కొలిచేటప్పుడు నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. అంటే తవ్వకి ఎనిమిది గిద్దలు. బిట్ గిద్ద అనుకోండి, బైట్ తవ్వ. నెట్ ప్లాన్లు, రూటర్లు, కేబుళ్లు అన్నీ గిద్దల్లో చెప్తాయి, మీ కంప్యూటర్లో ఫైళ్లు తవ్వల్లో ఉంటాయి. ఇంగ్లీషులో రాసిన లేబుల్ మీద తేడా ఒక్క అక్షరంలోనే ఉంటుంది: చిన్న బి అయితే బిట్, పెద్ద బి అయితే బైట్. మనం పలికేటప్పుడు రెండూ ఒకటే, అందుకే ఫోన్లో ఎవరైనా 'ఎంబీ' అంటే ఏ బి అని నేను అడిగి తీరతాను.

ఇప్పుడు అసలు లెక్క. ఆమదాలవలసలో ఉండే మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, 200 ప్లాన్‌కి డబ్బులు కట్టాం, డౌన్‌లోడ్ 11.2 దాటట్లేదు, ఏటిది?" 200 అంటే ఎంబీపీఎస్, సెకనుకి మెగాబిట్లు; 11.2 అంటే డౌన్‌లోడ్ కిటికీ చూపించే మెగాబైట్లు, సెకనుకి. వాడు అప్పటికే నెట్ ఆఫీసుకి వెళ్లి గొడవ పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఉండరా అని చెప్పి స్పీడ్ టెస్ట్ పెట్టమన్నాను, 94 ఎంబీపీఎస్ వచ్చింది. కేబుల్ పెట్టిన కంప్యూటర్లో 94 కనబడిందంటే నాకు వెంటనే ఒకటే అనుమానం వస్తుంది, మీకూ రావాలి: దారిలో ఎక్కడో 100 దగ్గర గేటు పడింది.

100 అయితే 94 ఎందుకంటే, పలాస నుంచి జీడిపప్పు పార్సిల్ వస్తే తూకంలో డబ్బా బరువు కూడా ఉంటుంది కదా. ఈథర్‌నెట్‌లో (కేబుల్ మీద నడిచే నెట్‌వర్క్) డేటా ప్యాకెట్లుగా వెళ్తుంది, ఒక్కో ప్యాకెట్ మహా అయితే 1500 బైట్లు, అందులో 40 బైట్లు చిరునామాలు, వరుస నంబర్లు లాంటివాటికే పోతాయి, మిగిలేది 1460. పైగా ప్యాకెట్ చుట్టూ ఫ్రేమ్‌కీ (బయటి కవరు), ప్యాకెట్ల మధ్య ఖాళీకీ కలిపి ఇంకో 38. 1460ని 1538తో భాగిస్తే సుమారు 0.949. ఇంకొన్ని చిల్లర ఖర్చులు కలిస్తే 94.

94ని ఎనిమిదితో భాగిస్తే 11.75. మరి వాడికి కనబడింది 11.2 కదా, ఆ అర ఎక్కడికి పోయింది? నెట్‌వర్క్ వాళ్లకి మెగా అంటే ఎప్పుడూ పది లక్షలు. వాడి డౌన్‌లోడ్ కిటికీ మాత్రం 1024ని 1024తో గుణించి, ఆ 10,48,576ని ఒక మెగా అంటోంది. 11.75ని 1.048576తో భాగించండి, సరిగ్గా 11.2 వస్తుంది. ఈ గందరగోళం తీర్చడానికే 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1024 లెక్కకి కిబి, మెబి, గిబి అని వేరే పేర్లు పెట్టింది, కానీ విండోస్ ఇప్పటికీ ఆ లెక్క వేసి పాత పేరే రాస్తుంది. 1 టీబీ డిస్క్ కొంటే 931 జీబీ చూపించేది కూడా ఇందుకే, దుకాణంవాడి తప్పేం లేదు.

ఇక గేటు ఎక్కడుందో పట్టుకోవాలి. రూటర్ కింద లేబుల్ చదవమన్నాను, 10/100/1000 అని ఉందట, అంటే 1000 ఎంబీపీఎస్ దాకా వెళ్తుంది, కాబట్టి అది దోషి కాదు. కేబుల్ తొడుగు మీద క్యాట్ 5ఈ అని కేబుల్ రకం అచ్చు ఉంది, అది కూడా 1000కి చాలు. మిగిలింది ప్లగ్గే. కేబుల్ లోపల ఎనిమిది రాగి తీగలు రెండేసి మెలిపెట్టి నాలుగు జతలుగా ఉంటాయి. ఫోటో తీసి పంపమంటే పంపాడు: నారింజ, ఆకుపచ్చ జతలు మాత్రమే లోపలికి వెళ్లాయి, నీలం, గోధుమ జతలు మొదట్లోనే కత్తిరించేసి ఉన్నాయి. 100 బేస్-టీఎక్స్‌కి రెండు జతలు సరిపోతాయి, 1000 బేస్-టీకి నాలుగూ కావాలి. ఇవి ఈథర్‌నెట్ రకాల పేర్లు: ముందున్న అంకె మెగాబిట్లలో వేగం, బేస్ తర్వాత వచ్చే టీ అంటే మెలిపెట్టిన జతలు. రెండు జతలే దొరికేసరికి రెండు వైపులా పరికరాలు 100కి దిగి సర్దుకున్నాయి, ఏ లైటూ ఎర్రగా వెలగలేదు, అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. ఎనిమిది తీగలతో రెండు చివరలా కొత్త ప్లగ్గులు వేయించాక స్పీడ్ టెస్ట్‌లో 190 దాటింది, వాడు నెట్ ఆఫీసుకి వెళ్లనే లేదు.

మీ ఇంట్లో గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) అనుకుంటున్న లైను నిజంగా గిగాబిట్టేనా? విండోస్‌లో ఈథర్‌నెట్ స్టేటస్ తెరిస్తే స్పీడ్ అని ఒక వరుస ఉంటుంది, 1.0 జీబీపీఎస్ ఉందో 100 ఎంబీపీఎస్ ఉందో ఈరోజే చూడండి.

వచ్చే పాఠానికి లెక్క: విజయనగరంలో ఫోటో స్టూడియో, అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్, పెళ్లి వీడియో విండోస్‌లో 6 జీబీ చూపిస్తోంది. డబ్బా బరువు నూటికి 6 తీసేసి, ఎన్ని నిమిషాల్లో వెళ్తుందో చెప్పండి. ఆ 6 జీబీ ఏ లెక్కలోదో మర్చిపోకండి, జవాబులో మూడు నిమిషాల తేడా వస్తుంది.