మీ ఊరు ఇండియాలో ఎలా కలిసిందో తాతను అడగాలంటే

1948లో నిజాం హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసిన సెప్టెంబర్ 17 వచ్చిందంటే అది విలీనమా, విమోచనమా అని ఫోన్లలో కొట్లాటే కానీ, పరకాల, జనగామ వైపు ఊళ్లలో ఆ రోజులు కళ్లారా చూసినవాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు, అప్పటికి పదేళ్లున్నా ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు, కాబట్టి ఈ బతుకమ్మకు ఊరెళ్లినప్పుడే పక్కన కూర్చోండి.

"1948లో ఏమైంది తాతా?" అని మాత్రం అడగొద్దు. మా తాతను నేను అదే అడిగా. "రజాకార్లు పోయిన్రు, మిలిటరీ వచ్చింది" అని చుట్ట ముట్టించుకున్నాడు, అంతే (రజాకార్లంటే నిజాం తరఫున తిరిగిన సాయుధ మూక). ఇంకోసారి పైసల సంగతి ఎత్తితే గంటసేపు ఆగలేదు: అంగట్లో ధర చెప్పే ముందు "హాలీనా, కల్దారా?" అని అడిగేవాళ్లట. హాలీ అంటే నిజాం సిక్కా, కల్దార్ అంటే ఇండియా రూపాయి, ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఇండియా సైన్యం ఐదు రోజుల్లో పని ముగించినా (దాన్నే పోలీస్ యాక్షన్ అంటారు) హాలీ మాత్రం ఇంకా కొన్నేళ్లు చెల్లింది.

తర్వాత ట్రంకు పెట్టె తెరిపించండి. పాత భూమి కాగితం ఉర్దూలో ఉంటుంది, పైన 1357 ఫసలీ (నిజాం కాలంనాటి సంవత్సరం లెక్క) లాంటి అంకె కనిపిస్తే 590 కలపండి, సుమారుగా మన సంవత్సరం వస్తుంది. పట్వారీ, అంటే ఊరి భూమి లెక్కలు రాసేవాడు, రాసింది చదవగలిగినవాళ్లు ఊళ్లో ఎందరుండేవాళ్లో అప్పుడే అడగండి. అసలు ప్రశ్న ఆ తర్వాత: దొర తన గడికి (కోటలాంటి ఇంటికి) తిరిగొచ్చాడా? దొరల మీద రైతులు చేసిన సాయుధ పోరాటంలో జనం పంచుకున్న భూములు మిలిటరీ వచ్చాక చాలా చోట్ల మళ్లీ దొరల చేతికే పోయాయి, పోరాటమేమో 1951 దాకా నడిచింది. ఇక్కడ తొందరపెట్టొద్దు.

చదువుకున్న ఇల్లైతే 1952 ముల్కీ (స్థానికుల) గొడవ అడగండి, అది మొదలైందే వరంగల్‌లో. బయటి నుంచి వచ్చినవాళ్లకే కొలువులని పిల్లలు రోడ్డెక్కారు, కలిసి నాలుగేళ్లయినా కాలేదు మరి.

ముస్లింల ఇళ్లకు కూడా వెళ్లండి. పోలీస్ యాక్షన్ తర్వాత అప్పటి హైదరాబాద్ రాజ్యంలోని మరాఠీ ప్రాంతం మరాఠ్వాడా వైపు జరిగిన ముస్లింల హత్యల గురించి ఇండియా ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసిన రిపోర్టును ఏళ్లకేళ్లు బయటపెట్టలేదు, మీ ఊళ్లో ఏం జరిగిందో వాళ్లే చెప్పాలి.

ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రికార్డింగ్ ఆన్ చేసి మంచం మీద వదిలేయండి. తేదీ తప్పు చెప్తే దిద్దకండి, ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. చనిపోయినవాళ్ల పేర్లు చివర్లో అడగండి, గొంతు పట్టేస్తే రికార్డింగ్ ఆపేసి చాయ్ పెట్టించండి.