చావు కబురు విని బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

చిట్యాల దగ్గరో నకిరేకల్ దగ్గరో హైవే మీద మనిషి పోయాడని ఫోన్ రాగానే బండి తీసి బయల్దేరుతాం. ఆగండి, భార్యకూ తల్లికీ విషయం చెప్పారా లేదా ముందు కనుక్కోండి, మీ నోటి నుంచి హఠాత్తుగా తెలియకూడదు.

యాక్సిడెంట్ ఫొటోలు వాట్సాప్‌లో పంపొద్దు. ఎవరైనా పెడితే తీయించండి, మొహమాటం వద్దు.

"హెల్మెట్ పెట్టుకోలేదా, రాత్రిపూట ఎందుకు పోనిచ్చారు" లాంటివి అసలు అడగొద్దు. అవే ప్రశ్నలు వాళ్లు లోపల వందసార్లు వేసుకుంటుంటారు. ఏడిస్తే ఏడవనివ్వండి, అదే సంగతి పదిసార్లు చెప్పినా వినండి. పిల్లలకు "నాన్న ఊరికి పోయాడు" అని అబద్ధం చెప్పొద్దు, రేపు ఎవరు ఊరికి పోయినా భయపడతారు.

ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అన్నం, చారు పట్టుకెళ్లండి. పెద్దవాళ్ల బీపీ, షుగర్ మాత్రలు గుర్తుచేయండి (ఇది అందరూ మరిచేదే).

కాగితాల పని నిదానంగా ఉండే ఒక్కరికే అప్పగించండి: ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు కాపీలు, 21 రోజుల్లోపు మరణ నమోదు. పోయింది పట్టా ఉన్న రైతు అయితే, వయసు 18–59 మధ్య ఉంటే, తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల రైతు బీమా గురించి వ్యవసాయ విస్తరణాధికారిని అడగండి. ఖాళీ కాగితం మీద ఎవరి సంతకమూ పెట్టనివ్వొద్దు.

దినాలు అయ్యాక చుట్టాలంతా వెళ్లిపోతారు, అసలు కష్టం అప్పుడే, అప్పుడు మళ్లీ వెళ్లండి. "నేనూ పోతా" అని ఎవరన్నా అంటే ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.